కరక్కాయ: ఈయదగినవారు, ఈయరానివారు

తెలుగువారి ఇండ్లలో వంటింటి పోపులపెట్టెతోపాటు మందులపెట్టె యొకటి ఉండెడిది. శొంఠి, పిప్పలి, వాము, వస, జాజికాయ, కరక్కాయ అందు సాధారణముగా కనబడెడివి. ఆ పెట్టె ఇంటి పెద్దావిడ చేతిక్రింద ఉండెడిది. ఈ సరకులలో కరక్కాయకు పెద్దపీట. పూర్వులు దానిని తల్లితో పోల్చిరి. సంస్కృతమున దానికి ‘అభయ’ యనియు ‘పథ్య’ యనియు పేర్లు పెట్టిరి. భయము లేకుండ చేయునది, శరీరమునకు హితమైనది అని ఆ పేర్లకు భావము.

ఈ పేర్లు విని కరక్కాయను ఎవరికైనను, ఎప్పుడైనను, ఎంతైనను ఈయవచ్చునని తలచుట సరికాదు. దానిని కొనియాడిన వైద్యగ్రంథములే దానిని పుచ్చుకొనరానివారు ఎవరో కూడ చెప్పినవి. ఉపవాసముచే కృశించినవారు ఆ పట్టికలో ఉన్నారు. వ్రతోపవాసములు జీవితములో భాగమైన జైన కుటుంబములవారు ఈ సంగతిని ప్రత్యేకముగా తెలిసికొనవలసియున్నది. ఇంటివైద్యమునందు మందు పేరు తెలియుట సగము విద్య. ఎవరికి ఈయరాదో తెలియుట మిగిలిన సగము.

చెట్టు, కాయ, పేర్లు

కరకచెట్టు అడవులలో పెరుగు పెద్ద వృక్షము. తెల్లమద్ది, తానిచెట్లు దీని దాయాదులు. వృక్షశాస్త్రజ్ఞులు ఈ మూటిని టెర్మినాలియా అను ఒకే ప్రజాతిలో చేర్చిరి. కరకకు వారు పెట్టిన పేరు టెర్మినాలియా చెబ్యూల. ఎండకాలమున చిన్నచిన్న తెలిపసుపు పూవులు గుత్తులుగా పూచును. కాయలు చలికాలమున పక్వమగును. పండిన కాయ పసుపుపచ్చగా నుండి, ఎండిన పిమ్మట ముడుతలుపడి, నిలువున అయిదు కనుపులు తేలును. లోపల గట్టి టెంక ఉండును. మందుకు పనికివచ్చునది పైపెచ్చే గాని టెంక కాదు. టెంక ముదరకముందే రాలిన పిందెలను ఎండబెట్టగా నల్లగా, చిన్నవిగా నుండును. వీనినే పిందె కరక్కాయలందురు.

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారికి ఒక చిక్కు కలదు. ఇంట ఒక పేరు, అంగడిలో మరియొక పేరు. కన్నడదేశమున అళలెకాయి యని అడుగవలెను. తమిళనాట కడుక్కాయ్, ఒడిశాలో హరిడా, మహారాష్ట్రమున హిరడా. గుజరాతీ బంధుమిత్రుల ఇండ్లలో హరడే. యానాములో మాత్రము తెలుగు చెల్లును గనుక కరక్కాయ యనినచో చాలును. పేరు మారినను సరకు ఒక్కటే. కాని పిందె యా, ముదురుకాయ యా అనునది అడిగి కొనవలెను.

సరకుగా కరక్కాయ

కరక్కాయ మందుగానే గాక సరకుగా కూడ పేరుపొందినది. దీనియందు వగరు పదార్థము మిక్కుటముగా నున్నది. దీనిని శాస్త్రజ్ఞులు టానిన్ అందురు. తోళ్లు పదును చేయుటకును, బట్టలకు రంగు పట్టించుటకును ఇది ఉపయోగపడుటచే ఒకప్పుడు ఓడలమీద విదేశములకు విస్తారముగా ఎగుమతి యయ్యెడిది. ఆ వర్తకమున కరక్కాయల రకములకు ఊళ్ల పేర్లే వాడుకలో నుండెను. ‘భీమ్లీ’ యను రకము పేరు విశాఖపట్టణము దాపుననున్న భీమునిపట్నము రేవునుబట్టి వచ్చినది. జబల్పూరు పేరుతో మరియొక రకము ప్రసిద్ధము. ఆంధ్రదేశపు మన్యములలో గిరిజనులు ఏరితెచ్చు అటవీ ఫలసాయములో కరక్కాయ కూడ ఒకటి. అట్టి సరకులను కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది.

శ్రీకాళహస్తిలోను, మచిలీపట్నము చెంతనున్న పెడనలోను కలంకారీ పనివారు బట్టను ముందుగా కరక్కాయ రసము, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టుదురు. ఇనుపముక్కలు, బెల్లము నానవేసి తీసిన ద్రవముతో ఆ బట్టపై గీత గీసిన వెంటనే అది నల్లబడును. కరక్కాయ వగరు ఇనుముతో కలియుటయే ఆ నలుపునకు కారణము. ఇందులో ఇంటివైద్యమునకు పనికివచ్చు రెండు పాఠములున్నవి. కరక్కాయ కషాయమును ఇనుపమూకుడులో కాచరాదు. మట్టిపాత్రయో స్టీలు పాత్రయో వాడవలెను. రక్తహీనతకు ఇనుము మాత్రలు వాడుచున్నవారు ఆ మాత్రతోపాటు కరక్కాయ పుచ్చుకొనరాదు. వగరు పదార్థము ఇనుమును పట్టి ఒంటికి పట్టనీయదు.

జైన వైద్యమున దీని స్థానము

జైనులకు వైద్యవిద్య క్రొత్తది కాదు. చతుర్దశ పూర్వములలో ‘ప్రాణావాయ’ మనునది ఆయుర్వేదమునకు సంబంధించినది. ఆ సంప్రదాయమును అనుసరించి క్రీస్తుశకము 9వ శతాబ్దమున ఉగ్రాదిత్యాచార్యులు ‘కల్యాణకారకము’ అను సంస్కృత వైద్యగ్రంథమును రచించిరి. రామగిరియందు ఈ గ్రంథమును రచించినట్లు ఆయనయే చెప్పుకొనెను. ఆ రామగిరి విజయనగరము దగ్గరనున్న రామతీర్థమే యని పలువురు పరిశోధకుల అభిప్రాయము. ఈ గ్రంథము 1940లో షోలాపురమున అచ్చయినది. మద్యమును, మాంసమును, తేనెను వాడకయే చికిత్స చేయవచ్చునని నిరూపించుట దీని విశేషము. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని సభయందు మాంసము మందుగా అక్కరలేదని ఉగ్రాదిత్యులు వాదించినట్లు గ్రంథాంతమున కలదు.

ఈ దృష్టితో చూచిన కరక్కాయవంటి వస్తువు జైనగృహమునకు ఎంత అనుకూలమో తెలియును. అది వృక్షఫలము. పక్వమై యెండినది. కందమూలములలో చేరినది కాదు. కొన్ని సంప్రదాయములలో కరక్కాయపొడి గాని లవంగపొడి గాని కలిపి, రంగు రుచి మారునట్లు చేసి, నీటిని ప్రాసుకము చేయు పద్ధతి కలదు. శ్వేతాంబరులలో కరక్కాయ, తానికాయ ‘అణాహారీ’ ద్రవ్యములలో చెప్పబడినవి. వ్రతనియమమునకు సంబంధించిన ఈ ఏర్పాటు వేరు, రోగక్రిములనుండి రక్షణ వేరు. ఆరోగ్యమునకై త్రాగునీటిని వడగట్టి కాచుటయే మార్గము. కరక్కాయపొడి కలిపినంతమాత్రమున కలరా, కామెర్లవంటి వ్యాధుల భయము తొలగదు.

నాలుగు తీరులు, నాలుగు గుణములు

షడ్రుచులలో ఉప్పు తప్ప తక్కిన అయిదును కరక్కాయయందున్నవని ఆయుర్వేదము చెప్పుచున్నది. వీనిలో వగరు ముఖ్యము. భావప్రకాశాది గ్రంథములు విజయ, రోహిణి, పూతన, అమృత, అభయ, జీవంతి, చేతకి యని ఏడు జాతులు చెప్పినవి. ఇంటివైద్యమున అంత విభజన అక్కరలేదు. వాడు తీరునుబట్టి గుణము మారుట మాత్రము తెలిసియుండవలెను. నమలి మ్రింగిన జఠరాగ్ని పెరుగును. పొడిచేసి పుచ్చుకొనిన విరేచనమగును. ఆవిరిపై ఉడికించి వాడిన మలమును కట్టును. వేయించినది మూడు దోషములను శమింపజేయును. ఇది శాస్త్రము చెప్పిన తీరు. ఒకే కాయ విరేచనము చేయుటకును కట్టుటకును కూడ వాడబడుచున్నదన్నమాట. పెద్దలు “కరక్కాయ వాడుము” అని ఊరకొనక “నూరి వాడుము”, “వేయించి వాడుము” అని చెప్పుటకు కారణమిదియే.

ఇంట వాడుకలు

మలబద్ధమునకు: టెంక తీసిన కరక్కాయ పెచ్చులను దంచి పలుచని గుడ్డలో జల్లించిన చూర్ణము, పెద్దవారికి 3 గ్రాములు, గోరువెచ్చని నీటితో పుచ్చుకొనవలెను. ఆయుర్వేద ఔషధకోశమున 3 నుండి 6 గ్రాములు మోతాదుగా చెప్పబడినది. ఇంటివైద్యమున తక్కువ మోతాదుతో ఆరంభించుటయే మేలు. చెంచాలు ఇంటికొక కొలతగా నుండును గనుక మొదటిసారి తూచి చూచుకొనవలెను. రాత్రిపూట ఏమియు ముట్టనివారు సూర్యాస్తమయమునకు ముందు నీటితోనే దీనిని పుచ్చుకొనవచ్చును. తెల్లవారునప్పటికి సాధారణముగా పనిచేయును.

అజీర్ణమునకు: కరక్కాయ, శొంఠి సమభాగములుగా కలిపి, చిటికెడు సైంధవలవణము చేర్చి, భోజనమునకు కొంచెము ముందుగా పావు చెంచా పుచ్చుకొనుట వాడుక. పొద్దంతయు అంగడిలో గద్దెపై కూర్చుండి, వేళ తప్పి భుజించువారికి కలుగు కడుపుబ్బరమునకు ఇది తగినది. అయితే వేళకు భోజనము, సాయంకాలము కొంత నడక లేనిదే ఏ చూర్ణమును ఆ బాధను శాశ్వతముగా తీర్చజాలదు.

గొంతు గరగర, పొడిదగ్గునకు: చిన్న పెచ్చును బుగ్గన పెట్టుకొని మెల్లగా రసము మ్రింగుట అందరెరిగినదే. ఎక్కువగా మాటలాడువారికిని, పాడువారికిని ఇది ఉపశమనము కలిగించును. చిన్నపిల్లలకు ముక్క నోట పెట్టరాదు, గొంతున అడ్డుపడవచ్చును.

నోటిపూత, చిగుళ్ల వాపునకు: 10 గ్రాముల పెచ్చులను నలుగగొట్టి, రెండు గ్లాసుల నీటిలో వేసి సగమగువరకు కాచి, వడగట్టి, చల్లారిన తరువాత పుక్కిలించవలెను. ఏ పూటకాపూట క్రొత్తగా కాచుకొనవలెను. నోటిపూత మూడు వారములు దాటినను మానకున్నచో, ముఖ్యముగా పొగాకు అలవాటున్నవారు, ఆలస్యము చేయక దంతవైద్యునకు చూపవలెను.

త్రిఫల: టెంకలు తీసిన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పెచ్చుల చూర్ణములను సమముగా కలిపినది. ఒక్క కరక్కాయ పడనివారికి ఇది సౌమ్యముగా నుండును. త్రిఫలనీటితో కండ్లు కడుగుకొను అలవాటు కొందరికి కలదు. ఇంట కాచిన నీటిలో నలుసు గాని క్రిమి గాని ఉన్నచో కంటికి కీడు కలుగును. కావున ఆ పని నేత్రవైద్యుని సలహా లేక చేయరాదు.

ఆధునిక శాస్త్రజ్ఞులు కరక్కాయలోని చెబ్యులాజిక్, చెబ్యులినిక్, గాలిక్ ఆమ్లములను గుర్తించి, అవి కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను అరికట్టునని ప్రయోగశాలలలో చూచిరి. పెద్దల అనుభవమునకు ఇది కొంత బలమిచ్చును. కాని గాజుపాత్రలో జరిగినది శరీరమున అట్లే జరుగునని నిశ్చయింపరాదు. మధుమేహమును, పక్షవాతమును, పుండ్లను కరక్కాయ ఒక్కటియే కుదుర్చునని చెప్పు ప్రకటనలను నమ్మి, వైద్యుడిచ్చిన మందు మానుట అపాయకరము.

ఋతువును బట్టి

కరక్కాయను ఏడాది పొడవున ఒకే తీరుగా గాక ఋతువును బట్టి తోడు మార్చి వాడవలెనని శాస్త్రము. వర్షర్తువున సైంధవలవణముతో, శరత్తున చక్కెరతో, హేమంతమున శొంఠితో, శిశిరమున పిప్పలితో, వసంతమున తేనెతో, గ్రీష్మమున బెల్లముతో అని ఆ క్రమము. తేనె వర్జించిన ఇండ్లవారు వసంతమున గోరువెచ్చని నీటితోనే పుచ్చుకొనవచ్చును. మందు కరక్కాయయే గాని తేనె కాదు. రక్తపుపోటు ఉన్నవారు లవణమును, మధుమేహమున్నవారు చక్కెరను, బెల్లమును విడువవలెను. మధుమేహమునకు మాత్రలు, సూదిమందు వాడువారు కరక్కాయను నిత్యము పుచ్చుకొనదలచినచో ముందుగా తమ వైద్యునకు చెప్పవలెను. రక్తములో చక్కెర మరింత తగ్గుటకు అవకాశము కలదు.

ఈయరానివారు

ఇప్పుడు ముఖ్యవిషయము. దూరప్రయాణముచే మిక్కిలి అలసినవారు, బలహీనులు, ఒడలు ఎండి చిక్కినవారు, ఉపవాసముచే కృశించినవారు, పిత్తము అధికమైనవారు, గర్భిణీ స్త్రీలు, రక్తము పోయినవారు కరక్కాయ పుచ్చుకొనరాదని ప్రాచీనుల నిషేధము. నీళ్లవిరేచనములు అగుచున్నవారిని కూడ ఈ పట్టికలో చేర్చుకొనవలెను. ఇది నేటి వైద్యమునకు విరుద్ధము కాదు. శరీరమున నీరు, లవణములు తగ్గినవారికి విరేచనకారి ఈయరాదని నేటి వైద్యులును చెప్పుదురు.

ఉపవాసముల విషయమున ఈ నిషేధమును మరి కొంత వివరింపవలసియున్నది. పర్యూషణములోను, దశలక్షణ పర్వములోను కొందరు వరుసగా ఎనిమిది, పది దినములు నీటితోనే గడుపుదురు. అట్టివారికి నాలుగైదు దినములు విరేచనము కాకపోవుట చూచి ఇంటివారు కలతపడుదురు. కరక్కాయ అణాహారీ గదా, వ్రతమునకు భంగము లేదు గదా, కొంచెము ఇచ్చిన నేమి యని తోచుట సహజము. ఇచ్చట ఆలోచింపవలెను. వ్రతమునకు భంగము కాకపోవుట ఒక సంగతి, శరీరమునకు కీడు కాకపోవుట మరియొక సంగతి. మొదటిదానిని గురువులను అడుగవలెను, రెండవదానిని వైద్యుని అడుగవలెను.

లోనికి ఆహారము పోనప్పుడు బయటికి మలము రాకుండుట వ్యాధి కాదు. అప్పుడు విరేచనకారి ఇచ్చినచో మలమునకు బదులు నీరు, లవణములు పోవును. కన్నులు తిరుగుట, కాళ్లు లాగుట, లేచినప్పుడు తూలి పడుట కలుగవచ్చును. వృద్ధులకును, రక్తపుపోటునకు మాత్రలు వాడువారికిని ఇది ప్రాణాపాయమునకు కూడ దారితీయవచ్చును. ఉపవాసమున్న మనిషి తడబడి మాటలాడినను, మూత్రము మిక్కిలి తగ్గినను, గుండె దడ యనినను, ఇంటిమందు వెదకక వెంటనే వైద్యుని పిలువవలెను.

పారణ తరువాత కూడ తొందర పనికిరాదు. మొదట పెసరకట్టు, పలుచని గంజి, పిమ్మట మెత్తని అన్నము, ఇట్లు క్రమముగా ఆహారము పెంచినచో ప్రేగులు తమంతట తాము పనికి వచ్చును. మామూలు భోజనము ఆరంభించి రెండు మూడు దినములు గడచినను విరేచనము కానిచో, ఆరోగ్యవంతులైన పెద్దవారు 1 గ్రాముతో ఆరంభించి కరక్కాయచూర్ణము పుచ్చుకొనవచ్చును. కడుపు నొప్పి, వాంతి, కడుపు బిగువు ఉన్నచో అదియు కూడదు.

పసిపిల్లల విషయమున మరియొక జాగ్రత్త కలదు. కరక్కాయ, వస, జాజికాయ సానరాయిపై అరగదీసి పసిబిడ్డకు నాకించు ఆచారము తెలుగు, తమిళ ఇండ్లలో చిరకాలముగా నున్నది. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేదియు, నీరు కూడ, ఈయరాదని నేటి శిశువైద్యుల మాట. సానరాయి మురికి, చేతి మురికి బిడ్డ కడుపునకు చేటు తెచ్చును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట మరింత ప్రమాదము. ఈ ఒక్క ఆచారమును గౌరవముతోనే విడిచిపెట్టుట మంచిది. అమ్మమ్మ ఉద్దేశము బిడ్డ క్షేమమే గదా!

పెద్దవారిలో కూడ మలములో రక్తము కనబడినను, బరువు కారణము లేక తగ్గినను, చాలకాలము సరిగానున్న విరేచనము నడివయసులో హఠాత్తుగా మారినను, కరక్కాయతో కాలము గడుపరాదు. ప్రతిదినము చూర్ణము లేనిదే విరేచనము కాని స్థితికి వచ్చినవారు మోతాదు పెంచుటకు బదులు కారణము వెదకించుకొనవలెను.

ఎంచుట, దాచుట

క్రొత్తది, గట్టిది, గుండ్రనిది, బరువైనది, నీట వేసిన మునుగునది శ్రేష్ఠమైన కరక్కాయ యని శాస్త్రలక్షణము. సరకు తెలిసిన వర్తకుడు కూడ ఈ గుర్తులే చూచును. పొడిగా కొనుటకంటె కాయగా కొనుట ఉత్తమము. పొడిలో టెంకయు, పుచ్చినదియు కలిసినను తెలియదు. నిలువయున్న కాయలకు పురుగు పట్టును. చిన్న బెజ్జములు గాని, సన్నని పొడి రాలుట గాని కనబడిన కాయను రోటిలో వేయరాదు. ప్రతి కాయను పగులగొట్టి లోపల చూచిన తరువాతనే దంచవలెను. అందువలన మందు శుద్ధమగును, జీవహింసయు తప్పును. కరకచెట్టు ఆకులపై పురుగుల వలన ఏర్పడు బుడిపెలను ‘కరక్కాయ పువ్వు’ అను పేరుతో రంగులకై అమ్ముదురు. అది పువ్వు కాదు. పేరు చూచి మందుగా కొనరాదు.

చూర్ణము తడి తగులని గాజుసీసాలో నుంచి, దంచిన తేదీ వ్రాసి, రెండు మూడు నెలలలో వాడుకొనవలెను. వానకాలమున కొద్దికొద్దిగా దంచుకొనుట మంచిది.

నేడు కుటుంబములు పలు పట్టణములకు చెదరిపోయినవి. మందులపెట్టె చాలచోట్ల పెద్దావిడతోనే పోయినది. మిగిలినచోట్ల పేర్లు మిగిలినవి గాని కొలతలు, నిషేధములు మిగులలేదు. కావున ప్రతి యింటను, పెద్దలున్నప్పుడే, వారడిగి చెప్పించుకొని ఒక చిన్న పుస్తకమున మూడు సంగతులు వ్రాసి ఉంచవలెను: మందు పేరు మన భాషలోను, ఉన్న ఊరి భాషలోను, మోతాదు గ్రాములలో, ఎవరికి ఈయరాదు. కరక్కాయ సీసాపై కూడ ఈ మాటలు అంటించినచో మరియు మంచిది: ‘గర్భిణులకు, పసిపిల్లలకు, ఉపవాసములో ఉన్నవారికి వద్దు.’ ఈ ఒక్క పంక్తి ఇంటనున్న కోడలికి, దూరముననున్న కుమారునికి కూడ ఉపకరించును.